వైరు లేని ఒకటో పోర్టు

నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో మాత్రం నన్ను ఆపొద్దు. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నా కళ్ళతో చూశాను... ఒట్టు.

అప్పుడు నేను మార్కాపురంలో ఒక ఇంటర్నెట్ కంపెనీలో రాత్రి డ్యూటీ చేసేదాన్ని. కంభం దాటాక గిద్దలూరు రోడ్డు పక్కన మాకు చిన్న మెషీన్ల రూము ఉంది. చుట్టూ చేలే. ఒక సాయంత్రం అక్కడ కరెంటు పోయింది. మా టెక్నీషియన్ మస్తాన్ అన్న వెళ్ళాడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఎనిమిదింటికి ఫోన్ చేశాడు.

"అంతా బ్యాటరీల మీద నడస్తా ఉందమ్మా. నేను ఇంటికి పోతుండా."

పదకొండు దాటాక గిద్దలూరు వైపు లైన్లన్నీ ఒక్కసారిగా పడిపోయాయి. అన్నకు ఫోన్ చేశాను. రింగవుతోంది... ఎత్తడు. నిద్రపోయి ఉంటాడనుకున్నాను.

ఆ రూములో కన్సోల్ సర్వర్ అని ఒక పెట్టె ఉంటుంది. మిగతా మెషీన్లు మొరాయించినా, దాని సొంత బ్యాటరీతో, సొంత సిమ్ ద్వారా మేం ఇక్కడి నుంచే అందులోకి వెళ్ళొచ్చు. దానికి ఎనిమిది పోర్టులు. ఒక్కో పోర్టు నుంచి ఒక్కో మెషీన్‌కు వైరు. నంబరు చెప్పకుండా అడిగితే అప్పుడు ఎవరూ వాడని మొదటి పోర్టుకు కలుపుతుంది. కంగారులో నేను అలాగే అడిగాను.

ఒకటో పోర్టుకు కలిపింది.

నంబరు చెప్పాల్సింది అనుకున్నాను. ఒకటో పోర్టుకు వైరే లేదు. అంతకు ముందు వారమే నేను స్వయంగా వెళ్ళి పీకేశాను.

నల్లటి స్క్రీన్. కర్సర్ వెలుగుతోంది... ఆరుతోంది. అంతలో ఒక అక్షరం పడింది. టీ. ఖాళీ పోర్టులో అప్పుడప్పుడు పిచ్చి అక్షరాలు వస్తాయి. అదేలే అనుకున్నాను. కాసేపాగి... ఏ. ఇంకాసేపాగి... ఎల్. మెషీన్ పంపేటట్టు గబగబా కాదు. చీకట్లో తడుముకుంటూ ఎవరో ఒంటి వేలితో నొక్కినట్టు... యూ... పీ... యూ.

తలుపు.

"ఎవరు?" అని కొట్టాను. ఒక నిమిషం... రెండు నిమిషాలు... మళ్ళీ అదే మాట. ఈసారి ఇంకా నెమ్మదిగా. మూడోసారి మాట పూర్తి కాలేదు. టీ... ఏ... ఎల్...

అంతే. ఆగిపోయింది.

ఆ సగం మాట చూశాక ఇక ఆగలేదు. రూము పక్కన గొర్రెల దొడ్డి ఉన్న వెంగయ్య మామకు ఫోన్ చేశాను. రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

"ఏందమ్మా ఈ యాళప్పుడు?"

"మామా, మా రూము తలుపు తీసి చూడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యొద్దు."

చెప్పుల చప్పుడు. గొర్రెల అరుపు. అంతలో ఆయన గొంతు మారిపోయింది.

"మస్తాను బండి ఈడనే ఉందమ్మా... మనిషి మాత్రం లేడు."

తాళం తిరిగిన చప్పుడు. తలుపు కిర్రుమంది.

"అయ్యో! కింద పడుండాడమ్మా! ఇదేం వాసన, కండ్లు మండతా ఉండాయి!"

ఆయనే బయటికి లాక్కొచ్చి, కంభం ఆసుపత్రికి చేర్చాడు. మస్తాన్ అన్న బతికాడు. జరిగింది ఇది... ఫోన్ బండి డిక్కీలో పెట్టేశాక, మరిచిపోయిన స్క్రూడ్రైవర్ కోసం మళ్ళీ లోపలికెళ్ళాడు. తలుపు దానంతటదే మూసుకుని తాళం పడిపోయింది. లోపలి పిడి ఊడి చేతికొచ్చింది. ఏసీ లేక బ్యాటరీలు కాగిపోయి, రూమంతా వాటి యాసిడ్ ఆవిరి పట్టింది.

తెల్లవారి కన్సోల్ సర్వర్ రికార్డు తీసి చూశాను. ఒకటో పోర్టు కింద ఒకే ఒక్క మాట ఉంది. నేను కొట్టిన "ఎవరు?". ఇంకేమీ లేదు. మరి నేను చూసిందేమిటి? నిద్రమత్తా?

మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. అన్న గొంతు ఇంకా సరిగా పెగలడం లేదు.

"తలుపు కొట్టి కొట్టి సొమ్మసిల్లినానమ్మా. ఆ చీకట్లో... నా పక్కనే ఎవరో టైపు కొడతా ఉన్నెట్లు వినపడింది. టక్... టక్... అని. నువ్వే వచ్చినావనుకున్నా. నిన్ను పిలిచినాను గూడా."

ఆ రూములో కీబోర్డే లేదు. ఆయన లాప్‌టాప్ తీసుకెళ్ళలేదు.

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"అది నువ్వు కాదామ్మా?"