అవ్వ పైపు నేనే ముట్టించినాను

మా అవ్వ పైపు తాగేది. ఈ మాట చెప్తే మా మనవరాండ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వుకోండమ్మా, నాకేం పోయింది. కొమరోలు దగ్గర మా ఊర్లో ఆడోళ్ళు పొగ తాగడం వింతేం కాదు. ముసలమ్మలు చుట్ట నోట్లో పెట్టుకోనే చేన్లో కలుపు తీసేవాళ్ళు. పైపు ఒక్కటే వింత, ఎందుకంటే అది దొరలది. అప్పుడింకా దొరలు ఉన్నారు, మా ఊరు అప్పట్లో కర్నూలు జిల్లా కింద ఉండేది.

అవ్వ అంటే మా నాయనకు తల్లి. నన్ను కన్న తల్లి మొగం నాకు గుర్తులేదు, నా చిన్నప్పుడే పోయింది. పాలు పట్టినా, తల దువ్వినా, వీపు మీద రెండు వేసినా అన్నీ అవ్వే. ఆమెకు చుట్ట లేకుంటే పొద్దు గడవదు. తాగితే నోరు పొక్కుతుంది. నాలుక మీద, బుగ్గల లోపల బొబ్బలు. కారం తగిలితే కండ్లల్లో నీళ్ళు తిరిగేవి. సంగటి ముద్దను మజ్జిగలో పిసుక్కోని, జావ చేసుకోని మింగేది. "మానెయ్యరాదా అవ్వా" అంటే, "నువ్వు ఊపిరి పీల్చడం మానెయ్యి, నేనిది మానేస్తా" అనేది.

మా మేనమామ దొనకొండ రైల్వేలో పని చేసేవాడు. ఆయన పైన ఉన్న దొర ఒకాయన సొంత దేశం పోతా పోతా, తన పాత పైపూ కొన్ని పొగాకు డబ్బీలూ మామకు ఇచ్చి పోయినాడు. మామకు బీడీ తప్ప ఏదీ పడదు. తెచ్చి అవ్వ ఒళ్ళో పడేసినాడు. "దీని పొగ ఈ గొట్టంలో నడిచొచ్చేసరికి చల్లబడుతుందంట అత్తా. నోరు కాలదంట, చూడు" అన్నాడు.

డబ్బీ మూత తీస్తే పలచటి బిళ్ళలు, ఒకదాని మీద ఒకటి. ఆకును బాగా అదిమి, గట్టిపడినాక కోసినట్టున్నాయి. అవ్వ ఒక బిళ్ళను పట్టి చూసి, "పాపం, ఎండిపోయిందే" అన్నది. చుట్ట చుట్టేవాళ్ళ బుద్ధి అది మరి! మేము ఆకు మీద నీళ్ళు చల్లి, మెత్తబడినాక బిగించి చుడతాం. బిగువు లేకుంటే చుట్ట విడిపోతుంది. అవ్వ ఇక్కడా అదే చేసింది. బెల్లం నీళ్ళు చిలకరించి, బిళ్ళను మడిచి, పైపు గిన్నెలో బొటనవేలితో కుక్కి కుక్కి పెట్టింది. ముట్టిస్తే ఎంతకీ అంటుకోదు. అంటుకున్నాక గుడగుడమంటుంది గానీ పొగ రాదు. ఇంకా గట్టిగా లాగింది. కాగిన ఆవిరంతా నాలుక మీదికి వచ్చింది. "నీ దొర మొగం మండ!" అని దాన్ని తీసి గడ్డివామి మీదికి విసిరికొట్టింది. అప్పటికే ఆరిపోయింది కాబట్టి సరిపోయింది, లేకుంటే ఆ యేడు ఎద్దులకు మేత ఉండేది కాదు.

నేను పోయి ఏరుకొచ్చినా. నాకు మొండితనం ఎక్కువని ఊరంతా అనేవాళ్ళు, అననీ. చాటున నేనే కూరుకోని తాగి చూసినా. దగ్గి దగ్గి పేగులు నోట్లోకి వచ్చినంత పనైంది. అయినా వదల్లేదు. పోగా పోగా తెలిసిందేందంటే, చుట్టకు చేసేదంతా దీనికి తలకిందులుగా చెయ్యాల. బిళ్ళను అరచేతుల మధ్య నిదానంగా నలిపి పోగులు పోగులుగా విడదియ్యాల. నీడన పలకరాయి మీద పరిచి తడి పోనియ్యాల. గుప్పిట పట్టి వదిలితే ముద్దగా ఉండకుండా మెల్లగా విచ్చుకోవాల. కరకరమన్నదంటే మరీ ఎండినట్టు, అప్పుడూ నోరు మండుతుంది. కూరేటప్పుడు అడుగున ఊరికే రాల్చాల, వేలు తగలనియ్యగూడదు. దాని మీద ఇంకొంత వేసి మెల్లగా ఒత్తాల. పైన మాత్రం కాస్త గట్టిగా. ముట్టించకముందే ఒకసారి లాగి చూస్తే గాలి సులువుగా రావాల. అగ్గిపుల్ల పెడితే పైన ఉండే ఆకు ఉబ్బుతుంది, దాన్ని మేకు తలతో అణిచి మళ్ళీ ముట్టించాల. ఆ తర్వాత తొందర పడినావో, గిన్నె కాలిపోయి చెయ్యి పెట్టనియ్యదు. ఆరితే ఆరనీ, ఇంకో పుల్ల గీసుకుంటే పోయె.

అవ్వకు అదంతా నేర్పినా. "ఇది పొగ తాగడమా, పసిబిడ్డను నిద్రపుచ్చడమా?" అని గొణిగింది గానీ నేర్చుకున్నది. అయినా రోజూ నాతోనే కూరించుకునేది. కొన్నాళ్ళకు నోరు మానింది. ఒక పొద్దు గోంగూర పచ్చడి ఎర్రగా కలుపుకోని తింటా ఉంటే చూసి నాకు ఏడుపొచ్చింది. డబ్బీలు అయిపోయినాక మేమే బిళ్ళలు చేసుకున్నాం. ఆకుకు ఈనెలు తీసి, బెల్లం నీళ్ళు పట్టించి, రెండు పలకరాళ్ళ మధ్య పొరలుగా పెట్టి, మీద తిరగలి ఎక్కించేవాళ్ళం. అది గట్టిపడినాక కత్తిపీట మీద కోసేవాళ్ళం.

అప్పుడు నాకు సంబంధం వచ్చింది. గిద్దలూరు అవతల పెద్ద రైతులు, బావి కింద సేద్యం. పిల్లోడు కూడా బాగున్నాడు, నేనేం కాదనలేదు. నాయనకైతే కాళ్ళు నేల మీద నిలవలేదు. చూపులు చూసిపోయినాక పిల్లోని తండ్రి నాయన దగ్గరికి మళ్ళీ వచ్చినాడు. "బావా, చుట్ట తాగితే మాకేం పట్టింపు లేదు, మా అమ్మా తాగుతుంది. ఆ పైపేంది? దొరల్లో కలిసినారంటారు, మతం పుచ్చుకున్నారంటారు. తాంబూలాలనాటికి అది మీ ఇంట్లో ఉండగూడదు" అన్నాడు. నాయన తల ఊపినాడు. నాకు ఒళ్ళు మండింది.

అవ్వ పైపును గుడ్డలో చుట్టి అటక మీద పడేసి, మళ్ళీ చుట్ట పట్టుకున్నది. నోరు మళ్ళీ పొక్కింది, ఈసారి ఇంకా ఎక్కువ. గంజి కూడా ఒక పక్కనించి పోసుకోని మింగేది. నాయన ఎదురుగా కూచోని తలొంచుకోని తిని లేచిపోయేవాడు.

"పైపు దించమంటావా లేదా?" అని అడిగితే, "నీ పెండ్లి కానీయే" అన్నది.

"పెండ్లయితే నేను ఆడ ఉంటా. నీకెవురు కూరిస్తారు?"

"నీకు మంచి ఇల్లు దొరుకుతా ఉంటే నా నోరొక లెక్కా?" అన్నది.

తాంబూలాల పొద్దు వాళ్ళు బండి కట్టుకోని వచ్చినారు. కోక, పండ్లు, టెంకాయ, ఆకువక్క ఉండే పళ్ళెం తెచ్చి చాప మీద పెట్టినారు. మా వైపు చుట్ట ఇచ్చి పుచ్చుకుంటే వియ్యానికి మాట కలిసినట్టు. పిల్లోని తండ్రి మంచి చుట్ట ఒకటి తీసి, ముట్టించి, "తీసుకో అత్తా" అని అవ్వకిచ్చినాడు. కాదంటే మర్యాద కాదు. అవ్వ తీసుకోని ఒక దమ్ము లాగింది. కండ్లెంబడి నీళ్ళు బొటబొటా కారినాయి.

"చూడు, పిల్ల పోతుందని ముసలామెకు ఎంత బాధో!" అని ఆయన నవ్వినాడు. అందరూ నవ్వినారు.

నేను లేచినా. అటకెక్కి పైపు దించినా. బిళ్ళ తెచ్చుకోని, పట్టుకోకతోనే వాళ్ళందరి నడుమ కూచున్నా. అరచేతుల్లో నలిపినా. అడుగున రాల్చినా, మీద ఒత్తినా. తొందరపడలేదు, ఎందుకు పడాల? అందరూ నోళ్ళు తెరిచి చూస్తా ఉంటే నేనే నోట్లో పెట్టుకోని ముట్టించినా. మేకుతో అణిచి మళ్ళీ ముట్టించినా. అవ్వ చేతిలో చుట్ట తీసి వాకిట్లో పారేసి, పైపు ఆమె చేతిలో పెట్టినా. "తాగు" అన్నా.

"ఏంది బావా ఇది? ఇట్లాంటి పిల్ల మాకు..." అని పిల్లోని తండ్రి లేచినాడు.

"ఆగు నాయనా" అన్నది అవ్వ. నిదానంగా ఒక దమ్ము లాగి వదిలింది. "నువ్వు వద్దనేదేంది? మా పిల్లను మేమే ఇయ్యం. నీ పళ్ళెం నువ్వు తీసుకోని పో."

అవ్వ ఆ మాటలనేటప్పుడు నాయన ఆమె పక్కనే ఉన్నాడు. తెరిచిన నోట్లో పుండ్లు ఆయనకు కనపడినాయి. ఆయన వంగి పళ్ళెం ఎత్తుకోని, తనే మోసుకుపోయి వాళ్ళ బండిలో పెట్టి వచ్చినాడు. వాళ్ళు తిట్టుకుంటా పోయినారు, మా ఇంటి పరువు ఊరూరా తీసినారు. తీసుకోనీ. ఈ పొద్దు అడిగినా మళ్ళీ అట్లనే ముట్టిస్తా.

బండి మలుపు తిరిగినాక నాయన వచ్చి అవ్వ పక్కన కూలబడినాడు.

"అమ్మా, ఏమన్నా తిన్నావా?" అని అడిగినాడు. అవ్వ మళ్ళీ చుట్ట పట్టినకాడనించి ఆ మాట ఆయన ఒక్కసారీ అడగలేదు.

"ఉండరా" అన్నది అవ్వ, పొగ వదలతా. "ఇది అయిపోనీ."