అద్దం లోపలి ఎండ

మా అత్తగారికి ఈ లోకంలో ఒక్కటే శత్రువు, బొగ్గు పొడి. వన్ టౌన్‌లో మా ఇల్లు హార్బరుకి ఎంత దగ్గరంటే, ఓడ కూత వేస్తే వంటింటి స్టాండులో గ్లాసులు సన్నగా మోగుతాయి. హార్బరులో బొగ్గు గుట్టల మీంచి గాలి ఇటు తిరిగిందంటే కిటికీ గట్ల మీద, దుప్పట్ల మీద, ఆరేసిన బట్టల మీద కాటుక చల్లినట్టు నల్లటి పొడి దిగుతుంది. కోడలిగా నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు ఆవిడ నాకు ముందుగా చూపించింది వంటిల్లు కాదు, వీధి వసారాకి బిగించిన అద్దాల తలుపులు. పక్కకి జరిపే పెద్ద పెద్ద అద్దాలు. వాటిని ఎంత గట్టిగా మూయాలో, మూశాక సందులో పాత గుడ్డ ఎలా దోపాలో కూడా చూపించింది. ఈ ఇంట్లో గాలి కూడా పర్మిషన్ అడిగి లోపలికి రావాలేమో అనుకున్నాను. అప్పటికి కొత్త కోడల్ని కాబట్టి పైకి అనలేదు.

ఆవిడ పట్టుదలకి కారణం లేకపోలేదు. ఆవిడ బతుకంతా తెల్లబట్టల మీద గడిచింది. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని, మా చర్చి పాటల బృందానికి తెల్ల గౌన్లు, బాప్తిస్మానికి పిల్లల తెల్ల చొక్కాలు, క్రిస్మస్‌కి తెల్ల జాకెట్లు కుట్టి మా ఆయన్ని చదివించింది. తెల్లగుడ్డ మీద నల్లచుక్క పడితే మళ్లీ ఉతకాలి, మళ్లీ ఇస్త్రీ చెయ్యాలి. అందుకని తెల్లారి లేవగానే తడిపిన తెల్లగుడ్డ ముక్క ఒకటి పట్టుకుని కిటికీ గట్టు మీద వేలితో ఒక్క గీత గీస్తుంది. గుడ్డకి అంటిన నలుపుని బట్టి ఆ రోజు ఆవిడ మూడ్ ఎలా ఉంటుందో మాకు తెలిసిపోతుంది. స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే, ఈరోజు గుడ్డ ఎలా ఉందని నన్ను సైగతో అడిగేవాడు.

ఆవిడకి ప్రాణమైనది ఇంకొకటి ఉంది. క్రిస్మస్ ఆరాధనలో మొదటి పాట మొదటి చరణం ఒక్కరే పాడాలి. వాయిద్యం ఉండదు. గుడి నిండా జనం నిలబడి ఉంటే ఒక్క గొంతు లేస్తుంది, ఆ తర్వాతే అందరూ అందుకుంటారు. పెళ్లి కాకముందు నుంచి ఆ చరణం మా అత్తగారిదే. అలాంటిది, చలి మొదలైతే చాలు ఆవిడకి జలుబు, జలుబు వెనకే దగ్గు, దగ్గు వెనకే ఛాతీలో గురగుర. అలా రెండు క్రిస్మస్‌లు ఇంట్లోనే మంచం మీద గడిచిపోయాయి. పాటల మాస్టారు మంచివాడే గానీ ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఆ చరణం ఇంకొకావిడకి నేర్పించాడు. ఆవిడ బాగానే పాడిందట. ఆ మాట మా అత్తగారితో ఎవరూ అనకపోయినా ఎలాగో తెలిసిపోయింది.

"ఈసారి కూడా నాను పాడకపోతే ఇంక పాడక్కర్లేదమ్మా. ఆ సరణం ఆవిడికే ఉండిపోద్ది," అంది ఒకరోజు, మిషను తొక్కడం ఆపకుండానే. అంతకు ముందెప్పుడూ ఆవిడ నోట ఓడిపోయే మాట వినలేదు నేను. చాలా బాధేసింది.

నాకు బాధ కలిగితే అది కోపంగానే బయటికొస్తుంది. ఆ వారమే ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లాను. ఆయన అన్నీ చూశాడు, ఊపిరితిత్తుల ఫోటో తీయించాడు, రక్తపరీక్షలు చేయించాడు. పెద్ద జబ్బేమీ లేదన్నాడు. అయితే ఒంట్లో విటమిన్ డి బాగా అడుగంటిపోయిందని, దగ్గులన్నిటికీ అదే కారణమని చెప్పలేను గానీ ముందు దాన్ని సరిచేద్దామని అన్నాడు. వారానికొకసారి పాలలో కలుపుకుని తాగే పొడి రాసిచ్చాడు. మా అత్తగారు ఒక్క వారం తాగి, కడుపులో మంటని చెప్పి మానేసింది. డాక్టరు కూడా ఆవిడతో పడలేకపోయాడు. సరే, పొద్దున్న పది దాటాక కాసేపు ఎండలో కూర్చోండి, చేపలు తినండి, కొన్ని నెలలాగి మళ్లీ పరీక్ష చేద్దాం, అప్పటికీ పెరగకపోతే మాత్రం మారుమాట లేకుండా మందు వేసుకోవాలన్నాడు. ఆవిడ ఒప్పుకుంది. చేపలంటే ఆవిడకి చెప్పాలా, ఆ మర్నాటి నుంచి బుట్ట దించే చేపలావిడతో మా గుమ్మంలో బేరాల జోరు పెరిగింది.

నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జీవశాస్త్రం చెబుతాను. డాక్టర్లవుదామని వచ్చిన పిల్లలకి రోగనిరోధక శక్తి పాఠం ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో నాకే తెలియదు. అందుకని ఒక రాత్రి భోజనాల దగ్గర మా అత్తగారికీ పాఠం పెట్టాను. ఒంట్లో రెండు రకాల కాపలా ఉంటుందని, జబ్బుని ఒకసారి చూశాక గుర్తు పెట్టుకుని కొట్టేది ఒకటని, పుట్టుకతోనే వచ్చి, ఎవడు కొత్తగా జొరబడినా ముందు అడ్డం పడేది రెండోదని చెప్పాను. ఈ రెండో రకం కణాలు హార్బరు గేటు దగ్గర సెక్యూరిటీ లాంటివి. క్రిమిని చూడగానే ఒంట్లో ఉన్న విటమిన్ డి ని తీసుకుని, దాన్ని తమ లోపలే పదును పెట్టుకుని, క్రిమి పైపొరని చిల్లులు పొడిచే ఒక పదార్థాన్ని తయారు చేసుకుంటాయి. విటమిన్ తక్కువైతే సెక్యూరిటీ గేటు దగ్గరే ఉంటాడు గానీ చేతిలో లాఠీ ఉండదు. ఆ విటమిన్‌ని చర్మం ఎండలోనే తయారు చేసుకుంటుంది.

ఆవిడ చేప ముల్లు తీసి పక్కన పెట్టి, "సెక్యూరిటీ వోడికి లాఠీ నాను ఎండలో కూకుని సెయ్యాలన్నమాట. ఇంత పెద్ద సదువు సదివి నువ్వు సెప్పేది ఇదేటమ్మా?" అంది. మా ఆయన నవ్వు ఆపుకోలేక చెయ్యి కడుక్కునే నెపంతో లేచిపోయాడు.

వేసవి బ్యాచ్‌లు, ఆ తర్వాత వానాకాలం. నేను తెల్లారకుండానే ఆటో ఎక్కి వెళ్లి, ఏసీ గదుల్లో పాఠాలు చెప్పుకుని, పొద్దువాలాక వచ్చేదాన్ని. రోజూ ఎండలో కూర్చున్నారా అని అడిగేదాన్ని, కూర్చున్నానని ఆవిడ చెప్పేది. దసరా ముందు మళ్లీ పరీక్ష చేయించాం. అంకె ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అన్నట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. మా క్లాసులో హోంవర్కు చెయ్యని పిల్లల్ని నిలదీసినట్టు ఆవిణ్ణి నిలదీశాను. కూర్చోకపోతే కూర్చోలేదని చెప్పొచ్చు కదా, నన్నెందుకు మభ్యపెట్టడం అని కూడా అనేశాను.

"రోజూ కూకుంతన్నాను. వానొచ్చిన రోజు తప్ప మానింది లేదు. నా మీద నమ్మకం లేదేటి నీకు?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాతో మాటల్లేవు. ఒకే గదిలో ఉండి కూడా, ఉప్పు డబ్బా ఎక్కడుందో మీ ఆవిణ్ణి అడగరా అని కొడుకు ద్వారా కబురు పంపేది. పాపం మా ఆయన, నైట్ షిఫ్టులు ఇంతకన్నా హాయని అనడం మొదలుపెట్టాడు.

ఇలా ఉండగా మా సెంటరుకి అనుకోకుండా ఒకరోజు సెలవిచ్చారు. పదిన్నర అవుతుండగా నేను తల దువ్వుకుంటూ వసారాలోకి వచ్చాను. మా అత్తగారు కుర్చీ వేసుకుని, చీర చెంగు మోచేతుల పైకి సర్దుకుని, రెండు చేతులూ ఒళ్లో పరుచుకుని, ముఖం ఎండకి పెట్టి కళ్లు మూసుకుని కూర్చుంది. ముఖం ఎర్రబడింది. చెమట చెవుల మీదుగా కారుతోంది. ఏ భక్తురాలూ అంత నిష్ఠగా కూర్చోదు. ఆవిడకీ సూర్యుడికీ మధ్యన అద్దాల తలుపులు గట్టిగా మూసి ఉన్నాయి. సందులో పాత గుడ్డ కూడా దోపి ఉంది.

అలికిడికి కళ్లు తెరిచి, అలకని పక్కన పెట్టి, "సూడు, సెమట ఎలా పోత్తందో. ఇంకా కూకోలేదంటావా?" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డాను. వేడీ వెలుతురూ అద్దంలోంచి వస్తాయని, చర్మానికి పని చెప్పే కిరణాలు మాత్రం అద్దం దగ్గరే ఆగిపోతాయని చెప్పాను. ఇన్ని నెలలుగా ఆవిడ నిజాయితీగా ఉడికింది తప్ప, ఒక్క రోజు కూడా లెక్కలోకి రాలేదు.

ఆవిడ అద్దం వైపు తిరిగింది. ఎంతో నమ్మిన మనిషి మోసం చేసినట్టు చూసింది. తర్వాత, "అది తీత్తే దుమ్ము. దుమ్ముకే కదా దగ్గు. ఒక దగ్గు మాన్పడానికి ఇంకో దగ్గు తెచ్చుకోమంటావేటి?" అంది. అది తీసిపారేసే ప్రశ్న కాదు. మేడ ఎక్కుదామంటే పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు నీడ. వీధిలో కూర్చుందామంటే ఆటోలకే చోటు చాలదు. మందు తప్పదని మాత్రం చెప్పాను, ఈసారి అన్నం తిన్నాక వేసుకుందురు గాని అని బతిమాలాను.

మర్నాడు సాయంత్రం క్లాసుల నుంచి వచ్చి, చెప్పులు విప్పి వసారాలో అడుగుపెట్టాను. కాలికింద గరగరలాడింది. వంగి చూస్తే నేల మీద సన్నటి నల్ల పొడి, దాంట్లో కుర్చీ కాళ్ల గుర్తులు. ఆ ఇంట్లో మురికి చూసి సంతోషపడ్డది అదే మొదటిసారి. చీపురు నేనే తీశాను.

ఆవిడ దానికో పద్ధతి కూడా కనిపెట్టింది. పది దాటాక తెల్లగుడ్డ తడిపి అద్దం బయట గట్టు మీద గీత గీసేది. నల్లగా వస్తే ఆ రోజుకి అద్దం మూతే. గాలి హార్బరు మీదుగా కాకుండా నేరుగా సముద్రం వైపు నుంచి వీచి, గుడ్డ కాస్త తెల్లగా వస్తే అద్దం పక్కకి జరిపేది. ఇన్నేళ్లు దుమ్ముని తిట్టుకోవడానికి వాడిన గుడ్డ ఇప్పుడు ఎండ అడగడానికి పనికొచ్చింది. మందు కూడా నోరు మూసుకుని వేసుకుంది, అంటే వారం వారం గొణుగుతూనే వేసుకుంది. ఎండలో ఊరికే కూర్చోవడమెందుకని ఆ చరణాన్ని సన్నగా సాధన చేసేది. వీధిలో పోయేవాళ్లు ఆగి పలకరించడం మొదలుపెట్టారు. అద్దాల వెనక ఇన్నాళ్లూ ఎవరుంటారో వాళ్లకి సరిగ్గా తెలియదట.

డిసెంబరు వచ్చింది. ఒకసారి జలుబు చేసింది. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడలేదు. ఆవిడ తుమ్మితే మా ఆయన ముఖం పాలిపోయేది. జలుబు ముక్కుతో వచ్చి ముక్కుతోనే పోయింది, ఛాతీలోకి దిగలేదు. అది ఎండ మహిమో, మందు మహిమో, ఆ ఏడాది ఆవిడ అదృష్టమో నేను చెప్పలేను. ఒక్క మనిషిని చూపించి ఋజువైందంటే మా పిల్లలకి నేనే మార్కులు తగ్గించేస్తాను. కానీ ఆ సెక్యూరిటీవాడి చేతిలో లాఠీ ఉందనే నాకు గట్టిగా అనిపించింది.

క్రిస్మస్ ఉదయం గుడి కిటకిటలాడుతోంది. ఆడవాళ్లందరూ తెల్లచీరలు, వాటిలో సగం జాకెట్లు మా అత్తగారు కుట్టినవే. మాస్టారు ఆవిడ వైపు తల పంకించాడు. రెండేళ్లుగా ఆ చరణం పాడినావిడ జరిగి చోటిచ్చింది. మా అత్తగారు ఊపిరి తీసుకున్న చప్పుడు నాకు వెనక వరుసలోకి వినిపించింది. ఆ ఊపిరి చివర దగ్గు వస్తుందేమోనని చెవులు రిక్కించాను. దగ్గు రాలేదు, పాట వచ్చింది. పై స్వరం దగ్గర కాస్త వణికింది గానీ తెగలేదు. అందరూ అందుకునే వేళకి నాకు ఏడుపొచ్చి పాడలేకపోయాను. ఏడుపుతో పాటు దగ్గు కూడా వచ్చింది. వారం రోజులుగా నన్ను పట్టుకున్న దగ్గు.

ప్రతి క్రిస్మస్‌కీ ఆవిడ ఇంటికి రాగానే కూర్చోకుండా చీర మార్చి, మడతపెట్టి, కవరులో పెట్టేసేది. ఆ రోజు నేరుగా వసారాలోకి వెళ్లి గుడ్డ ముక్క కోసం చూడకుండానే అద్దం పక్కకి తోసింది. కుర్చీ లాక్కుని తెల్లచీరతోనే ఎండలో కూర్చుంది. అత్తయ్యా, చీర మాసిపోతుంది అన్నాను.

"మాత్తే ఉతుక్కుంతాను," అంది. "గుళ్లో నీ దగ్గు నాకు ఇనపడలేదనుకున్నావేటి? పిల్లలందరికీ పాఠం సెప్తావు, నువ్వు ఎండ మొహం సూసి ఎన్నాళ్లయింది? ఎల్లి ఇంకో కుర్చీ తెచ్చుకో."

నేను వెళ్లి తెచ్చుకున్నాను.