రెండు చోట్ల గింజలు

ఆ వీధిలో అందరూ ఆయన్ని బైండరనే పిలుస్తారు. ముప్ఫై ఏళ్లుగా చిరిగిన పుస్తకాల్ని విప్పి, కుట్టి, అట్టలు వేసి పంపిస్తున్నాడు. కాపురం పైన, పని కింద గదిలో. కింద గది వెనక తలుపు తీస్తే పెరడు, పెరట్లో ఐదు కోళ్లు.

కోళ్లు భార్యవి. ఆయనకు తెలిసిందల్లా జిగురు, దారం, దబ్బనం. కోళ్లకు ఆయన చేసిన ఉపకారమల్లా, అంచులు కత్తిరించగా రాలిన కాగితం పీలికలు బుట్టకెత్తి గూటి దగ్గర పెట్టడం. ఆమె వాటిని గూట్లో మెత్తగా పరిచేది. ఎవరెవరి పుస్తకాల అంచుల మీదో ఆ కోళ్లు ముడుచుకుని నిద్రపోయేవి.

పొద్దున్నే మంచు కురిసే రోజులు మొదలయ్యాక, ఒకనాడు ఆమె మెట్ల మీద కాలు జారింది. చీలమండ విరిగింది. డాక్టరు మోకాలి దాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు కాలు నేల మీద మోపకూడదన్నాడు. ఆమెను పై గదిలో కిటికీ పక్క మంచం మీదికి చేర్చారు.

మూడో రోజున వీధి చివరి నర్సమ్మ రెండు బుట్టలతో వచ్చింది. ఆసుపత్రిలో పని చేసి మానేసిన మనిషి ఆవిడ. ఇల్లు మారుతోంది. కొత్త ఇంట్లో పెరడు లేదట, అందుకని తను పెంచిన నాలుగు పెట్టల్ని బైండరు భార్యకు ఇస్తానని ఎప్పుడో మాటిచ్చింది. నాలుగు నెలల పెట్టలు. సన్నటి మెడలు, ఇంకా రంగెక్కని లేత తురాయిలు, పొడుగు కాళ్లు. బడికి కొత్తగా వచ్చిన పిల్లల్లా బుట్టలోంచి తలలు బయటపెట్టి చూశాయి.

కోడి వెళ్లి కోళ్లలో కలుస్తుంది, ఇందులో నేర్చుకునేదేముంది అనుకున్నాడు బైండరు. బుట్టలు తీసుకెళ్లి గూటి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

పైన కిటికీ తెరుచుకుంది. "ఏవండీ, ఆ తలుపు తియ్యకండి" అంది ఆమె.

అప్పుడు మొదలైంది ఆయన చదువు. ముందు రెండు వారాలు కొత్తవాటిని అసలు ఎడంగా ఉంచాలంది. అట్టలు దాచుకునే రేకుల కొట్టు ఖాళీ చేయించింది. తుమ్ముతున్నాయా, కళ్లు తడిగా ఉన్నాయా, రెక్కల కింద పేలున్నాయా రోజూ చూడమంది. ఆయన ఒక్కొక్కదాన్నీ ఒళ్లోకి తీసుకుని, పాత పుస్తకం పుటలు తిప్పినట్టు, ఈకలు వేలితో విడదీసి చూసేవాడు. ఈకల అడుగున ఒళ్లు వెచ్చగా ఉండేది. చూడటం అయిపోయినా కాసేపు దించబుద్ధయ్యేది కాదు.

ఆమె కిటికీలోంచి కనిపించేది సగం పెరడే. గూటి కప్పు, కుళాయి, గోడ మీది నాచు కనిపించేవి. మిగతా సగం పనిగది రేకుల చాటున ఉండిపోయింది. ఆ చాటున ఏం జరుగుతోందో సాయంత్రం పైకొచ్చి చెప్పమంది.

బైండరు నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయేమోనని వీధిలో అనుకుంటారు. అలాంటివాడు కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని, మొదటి రోజు "బానే ఉన్నాయి" అని లేవబోయాడు. ఆమె వదల్లేదు. ఏది ముందు తింది, ఏది ఎక్కడ నిలబడింది, ఏది దేన్ని చూసింది అని అడిగింది. తెలియదన్నాడు. మర్నాడు చూసి వచ్చి చెప్పాడు. వారం తిరిగేసరికి, అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా చెప్పేవాడు. ఆమె కళ్లు మూసుకుని వినేది. నిద్రపోయిందనుకుని ఆపితే, "ఊఁ" అనేది.

రెండు వారాలయ్యాక పెరడు మధ్యలో తీగల వల కట్టించింది. అటు ఐదు, ఇటు నాలుగు. చూసుకోవచ్చు, ముట్టుకోవడానికి లేదు. పొద్దున్నే మంచులో వల కనపడేది కాదు. ఉత్త గాలిలో గీత గీసినట్టు, రెండు వైపులా కోళ్లు ఒకదానికొకటి ఎదురుగా ఆగిపోయి ఉండేవి. బైండరు చేతిలో సూది అలాగే పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. జిగురు గిన్నె మీద మీగడ కట్టేది.

పాతవాటిలో పెద్దదానికి హెడ్డమ్మ అని పేరు. నల్లది, మెడ మీద బంగారు పూత. అది వల వెంబడే అటూ ఇటూ పచార్లు చేస్తూ, కొత్తవాళ్లు తలెత్తినప్పుడల్లా ఈకలు నిక్కించేది. కొత్తవాటిలో చిన్నది ఎప్పుడూ మిగతా మూడింటి వెనకే నిలబడేది. దాన్ని చూస్తుంటే బైండరుకు తన పాతరోజులు గుర్తొచ్చేవి.

ఎందుకంటే ఆయనా ఈ ఇంటికి బయటి నుంచి వచ్చినవాడే. ఇల్లరికం. ఈ పనిగది మావగారిది. పెళ్లయి ఈ గుమ్మం తొక్కేనాటికి ఇందులో మావగారూ, ముగ్గురు బావమరుదులూ పని చేస్తున్నారు. ఎవరి బల్ల వాళ్లది, ఎవరి సుత్తి వాళ్లది. ఈయన ఏది ముట్టుకున్నా అది ఎవరిదో ఒకరిది. "బావగారికి సూదిలో దారం ఎక్కించడం కూడా మనమే నేర్పాలిరా" అని పెద్ద బావమరిది అంటే మిగతావాళ్లు నవ్వేవారు. భోజనాల దగ్గరా అదే తంతు. ఈయన కూర్చోగానే మాటలు ఆగేవి, లేదా ఈయన మీదికే మళ్లేవి.

కొన్నాళ్లకి మధ్యాహ్నం భోజనం కింద గదికే రావడం మొదలైంది. పైన అందరూ తింటున్న వేళ ఆమె పళ్లెం మీద మూత పెట్టి తెచ్చి బల్ల మీద ఉంచి వెళ్లేది. తనని పక్కన కూర్చోబెట్టుకోవడం ఆమెకు నామోషీగా ఉందని ఆయన అర్థం చేసుకున్నాడు. అడగలేదు. తర్వాత బావమరుదులు ఒక్కొక్కరూ వేరే పనులు చూసుకుని వెళ్లిపోయారు. మావగారు పోయారు. ఇల్లు ఖాళీ అయింది. పళ్లెం మాత్రం ఆమె కాలు విరిగేదాకా కిందికి వస్తూనే ఉంది. ఇప్పుడు తనే వండి, ఆమెకు పైన ఇచ్చి, ఆయన పుస్తకాల మధ్య ఒంటరిగా తింటూనే ఉన్నాడు.

వల కట్టిన వారం తర్వాత ఆమె దాన్ని తీసేయమంది.

ఆ రోజు హెడ్డమ్మ ఒక్క దూకు దూకింది. నాలుగు పెట్టలూ చెట్టుకొకటి పుట్టకొకటి అయ్యాయి. పాతవి నాలుగూ హెడ్డమ్మ వెనకే. బైండరు చీపురు పట్టుకుని మధ్యలోకి పరిగెత్తాడు.

"మధ్యలోకి వెళ్లకండి" అంది పైనుంచి. "రక్తం కారనంతవరకూ ఎవరు పెద్దో వాళ్లనే తేల్చుకోనివ్వండి. గింజలెక్కడ వేశారు?"

"రోజూ వేసే చోటే."

"రెండు చోట్ల వెయ్యాలి. ఇక్కణ్ణుంచి చూస్తే అక్కడిది కనపడకూడదు. గూటి వెనక ఇంకో పళ్లెం పెట్టండి. తరిమేవాళ్ల ఎదురుగా తినమంటే ఎవరికైనా ముద్ద గొంతు దిగదు. చాటుగానైనా కడుపు నిండిందనుకోండి, ధైర్యం దానంతటదే వస్తుంది."

బైండరు పళ్లెంలో గింజలు పోసి గూటి వెనక పెట్టాడు. పెట్టి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చిన్న పెట్ట ముందుగా వచ్చింది. అటూ ఇటూ చూసి ఒక గింజ, మళ్లీ చూసి ఇంకో గింజ, ఆ తర్వాత ఆదరాబాదరాగా తినడం మొదలుపెట్టింది. ఆయన అక్కడే చాలాసేపు కూర్చున్నాడు. ఆ పూట పుస్తకాలేవీ కుట్టలేదు.

సాయంత్రం పైకి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు గానీ కోళ్ల కబురు ఎత్తలేదు. చివరికి కిటికీ వైపు చూస్తూ అడిగాడు. "నాకు పళ్లెం కిందికి తెచ్చింది కూడా అందుకేనా?"

ఆమె కళ్లు తెరిచింది. "మరి మీరేమనుకున్నారు?"

"నన్ను దాస్తున్నావనుకున్నాను."

కింద కోళ్లు గూటికి చేరుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"నాన్న ముందు, తమ్ముళ్ల ముందు, మీరు రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకునేవారు" అంది. "మూడు నెలల్లో మీ చొక్కాలు భుజాల మీంచి జారిపోయాయి. కింద పెట్టాక పళ్లెం రోజూ ఖాళీగా వచ్చేది. మీకు అలాగే ఇష్టం కాబోలనుకున్నాను."

"వాళ్లంతా వెళ్లిపోయాక కూడానా?"

"మీరు పైకి రాలేదుగా. పుస్తకాల మధ్య తినడమే మీకు బాగుంటుందేమోనని నేను పిలవలేదు." ఆగి, మెల్లిగా అంది. "అడగొచ్చుగా."

"నువ్వు చెప్పొచ్చుగా."

ఇద్దరూ నవ్వలేదు. ముప్ఫై ఏళ్లు గదిలోకి వచ్చి వాళ్ల మధ్య కాసేపు కూర్చున్నట్టయింది. తర్వాత ఆయన లేచి, ఆమె కట్టు కింద దిండు సర్ది, కోళ్లను చూసి రావడానికి వెళ్లాడు.

కొత్తవి నాలుగూ గూటి కప్పు మీదెక్కి ముడుచుకుని ఉన్నాయి. లోపలికి వెళ్లే చొరవ లేదు. మునిమాపు వెలుతురులో ఒక్కొక్కదాన్నే రెండు చేతులతో ఎత్తి లోపల కర్ర మీద, పాతవాటి చివర దించాడు. మసక చీకట్లో కోడి ఎదురుతిరగదు. చేతుల్లో నీళ్ల సంచీలా వదులుగా, బరువుగా ఉంటుంది. హెడ్డమ్మ ఒక కన్ను తెరిచి చూసి, మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనం పైకే పట్టుకెళ్లి, మంచం పక్కన కూర్చుని తిన్నాడు. వంట ఆయనదే. ఉప్పు ఎక్కువైంది. ఆమె ఆ మాట అనలేదు, నీళ్లు మాత్రం మూడు గ్లాసులు తాగింది.

అంతటితో అంతా సర్దుకుందా అంటే లేదు. నాలుగో రోజున హెడ్డమ్మ చిన్నదాన్ని గోడ మూలకు తరిమి తురాయి చీలేలా పొడిచింది. రక్తం చూసి బైండరు పరుగెత్తుకెళ్లి దాన్ని ఎత్తుకున్నాడు. దెబ్బ కడిగి, మందు రాసి, దాన్ని రేకుల కొట్లోకి చేర్చబోయాడు. ఆమె వద్దంది. దెబ్బ తిన్నదాన్ని దాస్తే అది తిరిగొచ్చేసరికి మళ్లీ కొత్తదైపోతుంది, తీస్తే కొట్టినదాన్నే తియ్యాలి అంది. అయితే ఆ తురాయికి నల్లటి పూతమందు పట్టించి, ఎర్రదనం మిగతా కోళ్ల కంట పడకుండా చెయ్యమంది.

హెడ్డమ్మ నాలుగు రోజులు కొట్లో ఉంది. మొదటి రోజు తలుపు పొడిచింది. రెండో రోజు అలిగి తిండి మానేసింది. ఆ నాలుగు రోజుల్లో పెరడు మారిపోయింది. పాతవాటిలో బూడిదరంగుది పెద్దరికం తీసుకుంది. అది మెతక మనిషి. కొత్తవాటిలో రెండు దాని పక్కనే నీళ్లు తాగాయి. హెడ్డమ్మ బయటికొచ్చేసరికి నీళ్ల తొట్టి దగ్గర తన చోట వేరే కోడి ఉంది. చుట్టూ ఒకసారి చూసింది. ఈకలు నిక్కించబోయి, ఎందుకో దింపేసి, వెళ్లి వరసలో మూడో కోడి పక్కన నిలబడింది. ఆ సంగతి చెబుతుంటే పై గదిలో ఆమె పడీ పడీ నవ్వింది. కాలు కదిలి అబ్బా అంది, మళ్లీ నవ్వింది.

ఆరు వారాలకు కట్టు కోశారు. మర్నాడు ఎండ పలచగా, తేనె నీళ్లలా ఉంది. ఆమె చేతికర్ర పట్టుకుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి, మెట్లు ఒక్కొక్కటే దిగింది. వెనక తలుపు దాటి పెరట్లో కర్ర మోపిందో లేదో, తొమ్మిది కోళ్లూ కెక్కుమంటూ గోడ వారకు పారిపోయాయి. గుడ్డులోంచి వచ్చిన నాటి నుంచి ఆమె చేతి గింజలు తిన్న పాతవి కూడా ఆగలేదు. ఆ కర్ర, ఆ కొత్త నడక, ఆరు వారాలు మంచం వాసన పట్టిన ఆ చీర, వాటికి ఏవీ తెలియవు.

ఆమె ముఖం చిన్నబోయింది. "నన్ను మర్చిపోయాయండీ" అంది.

బైండరు పనిగదిలోంచి తన స్టూలు తెచ్చి వేశాడు. "కూర్చో. చెయ్యి చాపకు. వాటి వైపు చూడకు, వేరే ఎటైనా చూడు. కర్ర ఇలా ఇవ్వు" అన్నాడు.

ఆమె కూర్చుంది. గోడ మీది నాచు వైపు చూసింది. ఆయన పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి బూడిదరంగుది ఒక అడుగు ముందుకేసి, ఆగి, తల పక్కకు వంచి ఆమె పాదాన్ని చూసింది. దాని వెనక ఇంకోటి వచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టింది.

"తొందరేం లేదు" అన్నాడాయన.