మొప్ప ఎత్తి చూపని బేరం

సముద్రపొడ్డున గిలకలదిండిలో ఉండే ముత్యాలమ్మ ముప్పయ్యేళ్లుగా గుడివాడ వీధుల్లో చేపలమ్ముతోంది. ఎవరూ అడక్కముందే మొప్ప ఎత్తి చూపించడం ఆవిడ పద్ధతి. ఎర్రగా ఉంటే తాజా, రంగు మారితే నిన్నటిది. "నిన్నటిదండీ, పులుసుకి పనికొస్తది, ఇష్టమైతేనే తీసుకోండి" అని తనే చెప్పేది. అబద్ధమాడి అంటగట్టడం ఆ నోటికి రాదు. తిట్లు మాత్రం బాగా వచ్చు.

వాటిలో సగం మొగుడు పోతయ్యకే. వేటకెళ్లినా, వల కుట్టుకుంటున్నా అతని నోట్లో బీడీ ఆరేది కాదు. చివరికి ఎడమ కాలి రక్తనాళాలు పూడుకుపోయి, నెత్తురు పారక బొటనవేలు నల్లబడింది.

రెండువేల ఎనిమిదిలో, పట్నంలో ఓ ఆసుపత్రివాళ్లు కొత్త వైద్యం పరీక్షిస్తున్నారని తెలిసి వెళ్లారు. డాక్టరు సత్యానందం ఆశ పెట్టాడు. తుంటి ఎముకలోంచి మూలుగ తీస్తారట. అందులోని మూలకణాలకి కొత్త జన్యువు ఎక్కించి పిక్కలో పొడిస్తే, పూడిపోయిన నాళాల పక్కన కొత్తవి మొలుస్తాయట. బీడీ మాత్రం మానెయ్యాలి. పద్నాలుగు పేజీల కాగితాల చివర పోతయ్య వేలిముద్ర వేశాడు.

ఆ రోజే బీడీ మానేశాడు. ముత్యాలమ్మ నమ్మలేక వారంపాటు అతని జేబులు వెతికింది. ఒక్కటీ దొరకలేదు. తుంటిలో దబ్బనమంత సూది దిగితే కేక పెట్టాడు గానీ, పిక్కలో పొడిచినవన్నీ పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. కాలు వెచ్చబడిందేమోనని ఆవిడ రోజూ తడిమి చూసేది. వెచ్చబడలేదు. ఆరో నెలలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఆ తర్వాత ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. మందు పనితనం పోల్చి చూడటానికి సగం మందికి ఉత్త ఉప్పునీళ్ల సూదులే ఇచ్చారట, పోతయ్యకీ అవే ఇచ్చారట. ఇప్పుడు అసలు మందు ఇస్తాం, రమ్మన్నారు.

ముత్యాలమ్మకి ఒళ్లు మండిపోయింది. మనిషి మూలుగ లాక్కుని ఉప్పునీళ్లిస్తారా! ఉప్పునీళ్ల కోసం పట్నం దాకా పోవాలా, గుమ్మం ముందు సముద్రం లేదూ? మర్నాడే వెళ్లి ఉత్తరాన్ని డాక్టరు బల్ల మీద కొట్టింది.

"ఏ కాలికిస్తారండీ మందు?"

"ఎవరికి ఏది వెళ్తుందో అప్పుడు మాకూ తెలీదమ్మా. కాగితంలో అంతా రాసే ఉంది. వేలిముద్ర వేశాడుగా."

"రాసుంటే సరిపోద్దా? చదివి చెప్పారా? నిన్నటి చేపని నిన్నటిదని చెప్పి అమ్ముతాన్నేను. ఆర్నెల్లు ఆ కాలు పట్టుకుని కూర్చున్నానండీ!"

పక్కన, ఆ పరీక్ష కొత్త విడతలో చేరడానికి అవనిగడ్డ నుంచి వచ్చిన ముసలాయన వేలికి సిరా పూసుకుని ఉన్నాడు. ఆవిడ చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆగు బాబాయ్. ముందు చదివించుకో."

సత్యానందం కాగితాలు తీసి చదవసాగాడు. సగం మంది సంగతి రాగానే ముసలాయన అడిగాడు. "అయితే నాకు నీళ్లే రావచ్చా అండీ?"

"రావచ్చు."

ముసలాయన తన కాలికేసి చూసుకుని, వేలు కాగితం మీద నొక్కాడు. ముత్యాలమ్మ ఆపలేదు.

"చూశారా, చెప్పినా వేశాడు" అంది డాక్టరుతో. "మా ఆయనకెందుకు చెప్పలేదండీ?"