ఎవరింటికని అడిగిన గల్లీ

మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఇంకా ఎన్ని కెమెరాలు పెట్టించాలని వాదించుకుంటుంటే, నా మనసు అప్పట్లో నగర శివారైన కొత్తగూడలో మేం తొలిసారి ఇల్లు కట్టుకున్న గల్లీకి వెళ్లిపోయింది. తొంభైల చివరి రోజులవి. అవతల బండలు పగలగొట్టి పెద్ద ఆఫీసు భవనాలు లేపుతున్నారని చెప్పుకునేవారు గానీ, మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇటువైపు ఇంటికీ ఇంటికీ నడుమ ఖాళీ స్థలాలు, తుమ్మచెట్లు, ఎవరి ప్రహరీ వెనుక వాళ్లం. మావారివీ నావీ గవర్నమెంటు ఉద్యోగాలు కాబట్టి పొద్దున్నే తాళం పెట్టి బస్సెక్కితే మళ్లీ దీపాలవేళకే రావడం.

ఒకరోజు పట్టపగలే ఎదురింటి టీచరమ్మగారి టీవీ పోయింది. ఇద్దరు మనుషులు దాన్ని మోసుకుపోతుంటే మా పక్కింటి అక్క కళ్లారా చూసింది. రిపేరుకు కాబోలనుకుని, దారికి అడ్డంగా ఉన్న తన బిందెలు పక్కకు జరిపింది కూడా. మెదక్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీగారి భార్య ఆమె. దొంగలకే దారిచ్చానన్న దిగులుతో తిండి కూడా సయించలేదు. ఆదివారం ఆడవాళ్లందరినీ తన వాకిట్లో కూర్చోబెట్టి అంది:

"అడిగితే ఏమనుకుంటరో అని ఊకున్న. ఇగ ఎవరొచ్చినా అడుగుదం."

అప్పటి నుంచి బయటికెళ్తే పక్కింట్లో చెప్పి వెళ్లడం, కొత్త మనిషి కనబడితే ఎవరింటికని అడగడం మాకు అలవాటైంది. ఏలూరు నుంచి చెప్పాపెట్టకుండా వచ్చిన మా మరిదిని, నేను వచ్చేదాకా అక్క తన అరుగు మీదే కూర్చోబెట్టింది. మజ్జిగ ఇచ్చింది గానీ, తన దగ్గరున్న మా తాళంచెవి ఇవ్వలేదు. అతను అలిగాడు, మావారూ కాస్త నొచ్చుకున్నారు.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం ఇద్దరు ట్రాలీ ఆటోలో వచ్చి మా గేటు తీయబోతే అక్క అడిగింది. సారు పంపారని, ఫ్రిజ్ రిపేరుకు తీసుకెళ్లాలని చెప్పారట. అక్క తొణకలేదు.

"వాళ్లింట్ల ఫ్రిజ్జే లేదన్నా. సల్లటి నీళ్లకు మా కుండ కాడికే వస్తరు."

ఈలోగా టీచరమ్మగారి అత్తగారు, వెనకింటి కోడలు వచ్చి ఆటోకు అడ్డంగా నిలబడ్డారు. ఆ దొంగలిద్దరూ ఆటో వదిలేసి తుమ్మచెట్లలో పడి పరుగెత్తారు. టీవీ అయితే దొరకలేదు గానీ, మేమున్నన్నాళ్లూ ఆ గల్లీలో మళ్లీ దొంగతనం జరగలేదు. ఆ సాయంత్రం సంగతంతా విన్న మావారు, మరిదికి తనే ఉత్తరం రాసి సర్దిచెప్పారు.

ఇప్పుడక్కడ ఆ ఇళ్లేవీ లేవు. అక్కావాళ్లు స్థలం అమ్ముకుని సంగారెడ్డి వెళ్లిపోయారు. మేముండే ఈ భవనంలో లిఫ్టులో ఎదురైతే నవ్వుకుంటాం, పండక్కి మెసేజీలు పెట్టుకుంటాం. మా ఇంట్లో ఏముందో, ఏం లేదో తెలిసిన మనిషి మాత్రం ఇన్ని అంతస్తుల్లో ఒక్కరూ లేరు.