సర్వరు లేవడానికి నలభై నిమిషాలు

పదవీ విరమణ సభలో నాకు బహూకరించిన గోడగడియారం రోజుకు పది నిమిషాలు వెనకబడుతుంది. ఇంట్లో ఎవరూ దాన్ని తప్పుపట్టరు. భోజనానికి ఆలస్యంగా వచ్చానని నన్నే అంటారు.

విరమణకు మూడేళ్ల ముందు, జూన్‌లో, నెల్లిమర్ల దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా చేరాను. ప్రిన్సిపాల్ తర్వాత నేనే అనుకున్నాను, ప్రింటర్లో మొదటిసారి కాగితం ఇరుక్కునేదాకా. నా కింద ఒక లినక్స్ సర్వరు, అటెండర్ అప్పలనాయుడు. ఇద్దరిలో సర్వరే కొంత నా మాట వినేది.

పరీక్షల ముందు వారం అదీ మానేసింది. పొద్దున్న ఆన్ చేస్తే లేవడానికి నలభై నిమిషాలు. మొదలయ్యేటప్పుడు డిస్కులో ఫైళ్ల అమరిక సరిగ్గా ఉందో లేదో సర్వరును నడిపే లినక్స్ చూసుకుంటుంది. మామూలుగా అది క్షణంలో అయ్యే పని. మాది రోజూ ఇంటింటి సర్వే చేసేది. డిస్కు పోతోందని నిర్ధారించి కొత్తది బిగించాను. అది కూడా అంతే శ్రద్ధగా నలభై నిమిషాలు తీసుకుంది.

పరీక్ష మొదటిరోజుకు ముప్పై మంది హాల్ టికెట్లు ముద్రించడం మిగిలిపోయింది. విజయనగరం సెంటరుకు బస్సు ఎనిమిదిన్నరకు. ఎనిమిదింబావుకు సర్వరింకా సర్వేలోనే ఉంది. కిటికీ దగ్గర గౌరి అనే విద్యార్థిని ఏడుపు ఆపుకుంటూ, "బస్సెల్లిపోతాది సార్. మీ పెట్టి ఎప్పుడు నెగుస్తాదండి?" అంది.

సర్వరు లేచేటప్పుడు తెరమీద ఒక చక్కని బొమ్మ తిరుగుతుంది. వారం రోజులుగా నేను దాన్నే చూస్తున్నాను. ఆ రోజు కంగారులో ఎస్కేప్ మీట నొక్కితే బొమ్మ తొలగి, వెనకున్న సందేశం బయటపడింది: ఈ డిస్కును చివరిసారి వాడిన తేదీ ఇంకా రాలేదు. లోపలి గడియారం పదేళ్ల కిందటి జనవరిలో ఉంది. దాని లెక్కలో నిన్న అనేది భవిష్యత్తు. అనుమానం వచ్చి మొత్తం తనిఖీ చేస్తోంది. లేచాక ఇంటర్నెట్ నుంచి టైము సరిచేసుకుంటుంది కనుక మాకెవరికీ తెలియలేదు.

ఆపి, తేదీ చేత్తో దిద్ది, మళ్లీ ఆన్ చేశాను. నిమిషంలో లేచింది. గౌరి చివరి టికెట్టు పట్టుకుని పరిగెత్తి, కదులుతున్న బస్సెక్కింది.

తర్వాత సర్వరు విప్పాను. సాయంత్రం ఐదింటికి కరెంటు మెయిన్ కట్టేయడం అప్పలనాయుడి నియమం. అప్పటినుంచి గడియారాన్ని నడిపేది రూపాయి బిళ్లంత బ్యాటరీ. అది చచ్చి ఉంది. అప్పలనాయుడు ఏమీ దాచలేదు.

"పెద్దసారు కారు రిమోట్ తాళంలో బ్యాటరీ అయిపోనాదండి. కంప్యూటర్‌కి వైరున్నాది, తాళానికి నేదు కదా. అందుకే దీనిది దానికేసినాను, దానిది దీనికేసినాను. కాళీగా ఒగ్గేస్తే బాగోదని."

డిస్కును అనుమానించే ముందు గడియారం చూడాలని, బొమ్మను చూసే ముందు దాని వెనక రాసింది చదవాలని అప్పుడు నేర్చుకున్నాను. తాళంలో ఉన్న మంచి బ్యాటరీ తీసి వెంటనే సర్వరుకు పెట్టాలన్నాను. కారు తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ప్రిన్సిపాల్, తాను అర్జంటుగా విజయనగరం వెళ్లాలన్నారు.

అప్పలనాయుడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏదో ఒకటే నెగుస్తాది. కారా, కంప్యూటరా? ఇద్దరూ కలిసి ఒక మాట సెప్పండి."