మా సడ్డకుడి బండి వెనక తలుపు

చచ్చిపోయిన మనిషిని చూసి మీకెప్పుడైనా కడుపు మండిందా? నేనడిగేది ఏడుపు గురించి కాదు, మంట గురించి. నాకు మండింది. ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతూనే ఉంది.

పోయిన వారం భూపాలపల్లి నుంచి మా వదిన ఫోన్ చేసింది. మా సడ్డకుడు, అంటే నా భార్య అక్క మొగుడు, మధ్యాహ్నం అన్నం తిని ఎప్పటిలాగే తన బండిలో నడుం వాల్చాడట. చాయ పెట్టి లేపబోతే లేవలేదట. కిటికీ జాలీలోంచి గాలి వస్తోందని, కాళ్లు బారజాపుకొని ఉన్నాడని, మొహం మీద చెమట చుక్క కూడా లేదని చెప్పింది. నా భార్య ఫోన్ పెట్టకుండానే అక్కతో కలిసి ఏడ్చింది. నాకు మాత్రం ముందుగా దుఃఖం రాలేదు. నొప్పి లేని అలాంటి చావు కోసం నేను ఏళ్లుగా మోకాళ్ల మీద ఉండి అడుగుతున్నాను. ఆదివారం ఆరాధనలో రెండో పాట అయ్యేలోపు గుర్రు పెట్టే మనిషికి, అడగకుండానే ఇచ్చేశాడు ప్రభువు.

నేను అభిషేకం పొందిన పాస్టర్ని కాను. జనగామలో కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ, గ్రంథాన్ని నాకు నేనే కూడబలుక్కొని చదివి, మైకు పట్టుకున్నవాణ్ని. ఆయన బొగ్గు లారీ డ్రైవర్. మా ఇద్దరికీ పోటీ పెట్టింది అత్తగారిల్లే. పండక్కి పోతే కోడికూరలో కార్జం ఆయన పళ్లెంలోకి, మెడ ముక్క నా పళ్లెంలోకి వచ్చేవి. ఆయన తిని, పిల్లలను నవ్వించి, వేపచెట్టు కింద మంచం వేసుకొని పడుకునేవాడు. నేను ప్రార్థన చేసేవాణ్ని. ఇంటికి మగదిక్కు ఎవరమ్మా అని ఎవరైనా అడిగితే మా అత్తమ్మ ఆ మంచం వైపే చూపించేది.

లారీ మానేశాక ఆయనకో కోరిక పుట్టింది. జీవితమంతా తాను చూసిన ఊళ్లన్నీ వదినకు చూపించాలట. కాళేశ్వరం దగ్గర గోదారి, అది దాటి మహారాష్ట్ర, ఇంకా అవతల. నెలల తరబడి తిరగాలి, ఎక్కడా లాడ్జిలో దిగకూడదు. బడిపిల్లలను మోసి మోసి మూలకు పడ్డ ఒక మినీబస్సును కొని, దాన్ని మానుకోటలో లారీ బాడీలు కట్టే షెడ్డుకు తోలాడు. కాగితాల్లో మహబూబాబాద్ అని రాసే ఊరినే మనం మానుకోట అంటాం.

నేను చూడటానికి వెళ్లాను. నిజం చెప్పాలంటే వంక పెట్టడానికి వెళ్లాను. సీట్లన్నీ పీకేసి రెండు పక్కలా పొడుగు పెట్టెలు కట్టించాడు. వాటి మీద రెగ్జిన్ పరుపు లేదు, నవారు అల్లించాడు. రెగ్జిన్ అయితే వీపు చెమట పడుతుందట, నవారైతే కింది నుంచి కూడా గాలి ఆడుతుందట. రాత్రంతా ఫ్యాను తిరిగినా పొద్దున ఇంజన్ లేవడానికి వేరే బ్యాటరీ. బండి పైన నీళ్ల డ్రమ్ము, దానికి నల్ల రంగు, పొద్దంతా ఎండకు కాగితే సాయంత్రం స్నానానికి వేన్నీళ్లు. పొయ్యి జారకుండా చుట్టూ ఇనుప పట్టీ. ఉప్పు డబ్బా కూడా దొర్లకుండా అరలకు అంచులు.

లోకంలో మన ప్రభువుకు తలవాల్చే చోటు లేదని, ఈయనకేమో రెండు మంచాలా అని నేను ప్రసంగం మొదలుపెట్టాను.

"ఒక్కపారి గీడ ఒరుగు తమ్మి," అన్నాడు. "ఒరిగినంక తిట్టు."

ఒరిగాను. లేచేసరికి పొద్దు గూకుతోంది. షెడ్డులో వడ్రంగులు పని ఆపి నన్ను చూసి నవ్వుతున్నారు. నాకు అంత నిద్ర నా ఇంట్లో ఎన్నడూ పట్టలేదు. ఆ కోపంతో చాయ కూడా తాగకుండా జనగామ బస్సెక్కాను.

అన్నీ అమర్చాక కూడా వదిన బండి ఎక్కలేదు. ఆయన తాళం చేతిలో తిప్పుతూ వాకిట్లో నిలబడితే, ఆమె గడప దాటలేదు. ఈ మాట నా భార్య ముందర, నా ముందర అన్నది:

"నీకేంది, లారీ ఆపి ఏ చెట్టుకైనా మొకం తిప్పి నిలవడ్తవు. నేనెక్కడికి పోవాలె? పొద్దుమూకేదాక నీళ్లు తాగకుంట కూసునుడు నాతోని కాదు."

బండి మళ్లీ మానుకోట పోయింది. వచ్చినప్పుడు వెనక మూలలో మనిషి నిలబడి తిరిగేంత రేకు గది ఉంది. కూర్చునే పీట, కింద మూత బిగిసే డబ్బా, పక్కన బూడిద బకెట్టు, చెంబు, కుళాయి, లోపలి నుంచి వేసుకునే గడియ. దానికి బండి వెనక నుంచే తలుపు. మంచాల వైపు నుంచి దారి లేదు, ఎందుకంటే లోపల మగవాళ్లు కూర్చుని ఉంటే వాళ్ల ముందు నుంచి ఆడవాళ్లు నడవరట. బండికి పాయిఖానా కట్టిన డ్రైవరని భూపాలపల్లి క్వార్టర్లలో నవ్వుకున్నారు. "బండిని ఇల్లు చేసుడు కాదు," అనేవాడు. "ఇంట్ల లేనిది బండిల ఉండాలె."

ఆ ప్రయాణానికి ముహూర్తం పెట్టుకున్న రోజుల్లోనే ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం రాజుకుంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, రోడ్డు మీదే వంట చేసి రోడ్డు మీదే తినే వంటావార్పులు మొదలయ్యాయి. రాష్ట్రం వచ్చినంక పోదాంలే అని వదినతో అన్నాడు. బండిని ఉద్యమ సభలకు తోలుతూ, జనం వాడకానికి ఇచ్చేశాడు.

ఇప్పుడు నా భార్య సంగతి చెప్పాలి. ఆమె గొంతు తెలిసినవాళ్లకు తెలుసు. పాట ఎత్తుకుంటే డప్పు తానే వెనక వస్తుంది. ఉద్యమం మొదట్లో ఒక ఎండాకాలం రాస్తారోకోలో పొద్దున్నుంచి కూర్చొని, మిట్టమధ్యాహ్నం పాట మధ్యలో పడిపోయింది. దవాఖానలో డాక్టరమ్మ అడిగితే అప్పుడు బయటపడింది, ముందురోజు రాత్రి నుంచి చుక్క నీళ్లు ముట్టలేదని. మూత్రంలో చీము పడింది. ఆ తర్వాత ఆమె సభలకు రావడం మానేసింది, నా సువార్త కూటాలకు కూడా. పాడటం మానేసిన ఇల్లు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. పొద్దున పిండి కలిపేటప్పుడు కూడా ఆమె నోట కూనిరాగం లేదు. ఆమె మళ్లీ పాడుతుందా అన్నదొక్కటే నాకు పట్టుకుంది. నేను ఉపవాసం ఉండి ప్రార్థించాను. తలమీద చెయ్యి వేసి ప్రార్థించాను. ఆమె ఆమెన్ అనేది, ఇంట్లోనే ఉండేది.

జనగామ దగ్గర హైవే మీద పెద్ద వంటావార్పు జరిగిన రోజు ఆయన బండి వచ్చింది. కాస్త ఎడంగా, తుమ్మచెట్ల చాటున వెనక తలుపు పొలాల వైపు ఉండేలా ఆపాడు. వదిన మా ఇంటికి వచ్చి నా భార్య చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ కలిసి బయల్దేరారు. నేనూ వెనకే పోయి మైకు అందుకొని, ప్రసంగంలో ఎర్రసముద్రం దాకా వచ్చాను. సముద్రం పాయలయ్యే వేళకు ఆడవాళ్లు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. నా మాట నచ్చక పోతున్నారనుకున్నాను. చూస్తే బండి వెనక వరుస కట్టారు. మా ఆవిడ కూడా అందులోనే ఉంది. తిరిగొచ్చి, వంట దగ్గర బిందెలోంచి చెంబు ముంచుకొని గటగటా తాగింది, మళ్లీ ముంచుకుంది. కొంగుతో మూతి తుడుచుకొని పాట ఎత్తుకుంది. పొద్దు గూకేదాకా ఆపలేదు.

ఆనందించాల్సిన రోజే అది. ఆనందించాను కూడా. కానీ ఆడవాళ్లు గుంపుగా వచ్చి గొర్రెల కాపరిని పొగుడుతూ పాడితే ఒక రాజుకు కన్ను కుట్టిందని చదువుకున్నాం కదా, ఆ రాజు మీద నాకు అంతకు ముందెన్నడూ లేని జాలి కలిగింది. నేను అంత మొత్తుకున్నా కానిది, ఒక రేకు డబ్బాకు అయింది. నేను పోయి చూస్తే ఆయన నవారు మీద వెల్లకిలా పడుకొని, కడుపు మీద చేతులు పెట్టుకొని ఉన్నాడు.

"మస్తు చెప్పినవ్ పాస్టర్ సాబ్," అన్నాడు కళ్లు తెరవకుండానే. "గంతమందిని కూసుండవెట్టినవ్. కూసున్నోళ్లు లేస్తరు గద మరి."

ఆ పూట ఇంటికొచ్చి గ్రంథం తెరిచాను. ఎడారిలో నడిచే జనానికి ఇచ్చిన ధర్మంలో ఆ మాట ఉంది. పాళెం వెలుపల, అంటే గుడారాలకు ఎడంగా, బహిర్భూమికి ఒక చోటు ఉండాలి, ఆయుధాలతో పాటు గుంట తవ్వుకునే పరికరం కూడా దగ్గర ఉండాలి, ఎందుకంటే దేవుడు ఆ పాళెం నడుమ తిరుగుతాడు. ఎన్నోసార్లు చదివిన పేజీయే. తర్వాత భూపాలపల్లి పోయినప్పుడు ఆయనకు చదివి వినిపించాను.

"గంత మంచి మాట ఉన్నదా?" అని లేచి కూర్చున్నాడు. "మరెన్నడు చెప్పకపోతివి?"

ఇంకో సభ గురించి కూడా చెప్పాలి. బండి పేరు అప్పటికి మూడు ఊళ్లలోనూ పాకింది. మానుకోట కుర్రాళ్లు దాన్ని గౌరవించాలనుకున్నారు. డప్పులతో ఎదురొచ్చి, బంతిపూల దండలు కట్టి, ఊరేగించుకొని తీసుకొచ్చి, అందరికీ కనబడేలా సరిగ్గా వేదిక పక్కనే నిలబెట్టారు. వెనక తలుపు జనానికి ఎదురుగా. తలుపుకు కూడా దండ. ఒక్క ఆడమనిషి అటు రాలేదు. వెయ్యి కళ్ల ముందు ఆ దండ తప్పించి లోపలికి ఎవరు పోతారు? నాకు మాత్రం ఆ రోజు బాగుంది. వేదిక మీద నేను, పక్కన బండి. కొత్తవాళ్లు అది నాదే అనుకున్నారు, నేను కాదనలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక వదిన జనంలోంచి లేచి, ఆయన దగ్గరకు పోయి ఒక్క మాట అంది. నేను రాష్ట్రం కోసం ప్రార్థనలో ఉన్నాను, కళ్లు మూసుకొని, చేతులు పైకెత్తి. ఇంజన్ మోత వినబడింది. కళ్లు తెరిచేసరికి బండి దండలతో సహా కదిలి, జనాన్ని చీల్చుకుంటూ, బడి ప్రహరీ వెనక్కు పోతోంది. వెనకే ఆడవాళ్లు లేచి పోతున్నారు. నా ఆమెన్‌కు బదులు చెప్పింది ముందు వరుసలో కుర్రాళ్లు మాత్రమే. కిందికి దిగాక అడిగాను, ప్రార్థన అయ్యేదాకా ఆగలేకపోయావా అన్నా అని. దేవుడు ఆగుతడు తమ్మి అన్నాడు, అంతే.

భూపాలపల్లిలో ఆయన్ను మట్టి చేసినప్పుడు వాక్యం చదివింది నేనే. అంతమంది వస్తారని ఎవరూ అనుకోలేదు. జనగామ నుంచి, మానుకోట నుంచి, టేకుమట్ల పల్లెల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో ఆడవాళ్లు వచ్చారు. చర్చి గడప తొక్కనివాళ్లే ఎక్కువ. పక్క క్వార్టర్ ఖాలా బురఖా పైకి మడిచి గుప్పెడు మట్టి వేసి, "మా గురించి సోంచాయించిన మనిషి," అని మాత్రం అంది, తమ గురించి ఆలోచించినవాడని. బండి శ్మశానం గోడ బయట నిలబడి ఉంది. దూరం నుంచి వచ్చినవాళ్ల మొహాలు చూసి వదిన ఏడుపు ఆపుకొని, కొంగు ముడిలోంచి తాళం తీసి, వెనక తలుపు తెరిచింది. నేను పునరుత్థానం గురించి చదువుతున్నాను. గోడ మీదుగా చూస్తే, సమాధి చుట్టూ ఉన్నవాళ్లకంటే బండి వెనక వరుసే పొడుగ్గా ఉంది. ఒక్కొక్కరు లోపలికి పోయి, చేతులు కడుక్కొని, ఆ తడి చేతులతోనే వచ్చి మట్టి వేస్తున్నారు. నేను పోయిన రోజు నా కోసం ఎవరు వరుస కడతారో నాకు తెలియదు.

వదినకు ఆ ప్రయాణం జరగలేదు. కాళేశ్వరం ఒక్కసారి తీసుకుపోయాడు, గోదారి ఒడ్డున రెండు పొద్దులు ఉన్నారు. రాష్ట్రం ఇంకా రాలేదు, ఆయన ఆగలేదు.

ఇవాళ జనగామలో మళ్లీ వంటావార్పు. బండి పంపమని నిన్న వదినను అడిగాను. దాన్ని ఇప్పుడే కదిలించే మనసు లేదంది. ఆ పైన అంది: "ఒక్క బండి ఎన్నూర్లకు తిరుగుతదయ్యా? మీ ఊర్లె మొగోళ్లు లేరా? పారలు లేవా?"

ఫోన్ పెట్టేసి రాయడానికి కూర్చున్నాను. అందుకే ఈ కాగితం రాత్రికి రాత్రి అచ్చు వేయించి పొద్దున్నే మీ చేతుల్లో పెడుతున్నాను. అన్నలారా, తమ్ముళ్లారా, షామియానా తర్వాత కట్టండి. మైకు తర్వాత చూసుకుందాం, నా ప్రసంగం అసలే లేకపోయినా ఫరవాలేదు. తుమ్మచెట్ల అవతల, జనం చూపు పడని చోట గుంటలు తవ్వండి, చుట్టూ తడకలు కట్టండి, బిందెలతో నీళ్లు పెట్టండి, బూడిద పెట్టండి. దండలు కట్టకండి. ఇవాళే, ఆడవాళ్లను తెచ్చే ట్రాక్టర్లు ఊళ్లు దాటకముందే. మీరు ఇది చదువుతున్న ఈ ఘడియలోనే మీ ఇంట్లో ఒక ఆడమనిషి చెంబు చేతిలో పట్టుకొని, తాగాలా వద్దా అని ఆలోచిస్తోంది. తడక కట్టి, నేరుగా ఇంటికి పోయి ఆమెతో చెప్పండి, కడుపునిండా తాగి రమ్మని.